టేబుల్ సా సెట్ చేసుకునే పద్ధతి, ఎదురు తన్నకుండా కోసే పద్ధతి

ఇంట్లోనే చిన్న వర్క్‌షాప్ పెట్టుకునేవాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు. ఆన్‌లైన్లో ఆర్డర్ పెడితే నాలుగు రోజుల్లో టేబుల్ సా, అంటే బల్ల మధ్యలోంచి గుండ్రటి రంపపు బ్లేడు పైకి లేచి ఉండే మిషన్, గుమ్మం ముందుంటుంది, డబ్బా విప్పి ప్లగ్ పెట్టి ఆ సాయంత్రమే ప్లైవుడ్ ముక్క కోసేస్తున్నారు. అంతవరకు బానే ఉంది, కానీ అందులో సగం మంది బ్లేడు వెనకాల నిలబడే ఆ సన్నటి ఇనప రేకుని, అదే రైవింగ్ నైఫ్‌ని, అడ్డంగా ఉందని తీసి డబ్బాలోనే పడేస్తున్నారు. చాలా వడ్రంగి షాపుల్లో కూడా ఇదే చూస్తాం, మిషన్ కొని ఏళ్ళవుతుంది, బ్లేడుని కప్పే గార్డు మాత్రం కవర్ కూడా విప్పకుండా మేడ మీద ఉంటుంది. ఈ మిషన్ గురించి నేను చెప్పాలనుకున్నది ఒక్కటే ఉంటే అది ఆ రేకు గురించే, మిగతాదంతా దాని చుట్టూ తిరిగేదే.

ముందు చెక్క ఎందుకు తంతుందో తెలియాలి

బ్లేడు తిరిగేటప్పుడు మన వైపున్న పళ్ళు పైనుంచి కిందకి దిగుతాయి, చెక్కని బల్లకి అదిమి పెడతాయి కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. వెనకాల వైపున్న పళ్ళు మాత్రం కింద నుంచి పైకి లేస్తూ మన మీదకి వస్తాయి. చెక్క కోసుకుంటూ వెనక్కి వెళ్ళాక గాటు కొంచెం మూసుకుపోయినా, లేదా చెక్క ఫెన్స్ నుంచి, అంటే చెక్కని ఆనించి తోయడానికి బల్ల మీద బిగించే పొడవాటి పట్టీ నుంచి, కొంచెం పక్కకి జరిగినా, ఆ వెనక పళ్ళు చెక్కని పట్టుకుని పైకెత్తి నేరుగా మన పొట్ట మీదకి విసిరేస్తాయి. 10 అంగుళాల బ్లేడు చుట్టుకొలత దాదాపు 80 సెంటీమీటర్లు, నిమిషానికి 4,000 సార్లు తిరిగితే పంటి చివర వేగం గంటకి 190 కిలోమీటర్లు అవుతుంది, చెక్క కూడా చాలా వేగంగా మన మీదకొస్తుంది. అది చూసి తప్పుకుందాం అనుకునే టైమ్ ఎవరికీ ఉండదు. ఇంకో సంగతి, చెక్క వెనక్కి ఎగిరినప్పుడు దాని మీద ఆనించిన చెయ్యి ఆసరా పోయి బ్లేడు మీద పడుతుంది. వేళ్ళు తెగిన కేసులు చాలావాటిలో చెయ్యి తిన్నగా బ్లేడులోకి వెళ్ళి ఉండదు, ముందు చెక్క తంతుంది, ఆ తర్వాత చెయ్యి పడుతుంది.

రైవింగ్ నైఫ్ చేసే పని ఏంటంటే గాటులో నిలబడి అది మూసుకోకుండా చూడటం, చెక్క పక్కకి జరిగి వెనక పళ్ళకి తగలకుండా చూడటం. అందుకే అది బ్లేడుతో పాటే పైకీ కిందకీ కదులుతుంది. దానికీ పళ్ళకీ మధ్య 3 నుంచి 8 మి.మీ. ఖాళీ ఉండాలి, అంతకంటే దూరంగా ఉంటే ఉన్నా లేనట్టే. మందం కూడా చూసుకోవాలి, బ్లేడు రేకు కన్నా కొంచెం మందంగా, పళ్ళు కోసే గాటు కన్నా కొంచెం సన్నంగా ఉండాలి. ఆ లెక్క సాధారణంగా నైఫ్ మీదే చెక్కి ఉంటుంది. సన్న గాటు కోసే బ్లేడు చవగ్గా దొరికిందని కొని బిగిస్తే చెక్క వెళ్ళి నైఫ్‌కి తట్టుకుని ఆగిపోతుంది, అప్పుడు జనం చేసే పని నైఫ్ తీసేయడం, నిజానికి మార్చాల్సింది బ్లేడుని.

చోటు, కరెంటు

మిషన్ పెట్టే చోట ముందూ వెనకా కలిపి కోసే చెక్కకి రెట్టింపు పొడవు ఖాళీ కావాలి, 6 అడుగుల పలక కోయాలంటే ముందు 6 వెనక 6 అన్నమాట. నేల ఊగకూడదు, స్టాండు నాలుగు కాళ్ళూ ఆనాలి, ఒక కాలు లేస్తే కింద ప్యాకింగ్ ముక్క పెట్టి సరిచేయండి. మీరు నిలబడే చోట రంపపు పొట్టు పేరుకోకూడదు, నున్నటి టైల్స్ మీద పొట్టు పడితే కాలు జర్రున జారుతుంది, అక్కడ ఒక రబ్బర్ మ్యాట్ వేయండి. వెనకాల గోడకి ఆనించి పెట్టేవాళ్ళు ఉంటారు, చెక్క బయటికి రావడానికి దారే లేకపోతే సగంలో వెనక్కి లాగాల్సి వస్తుంది, తిరిగే బ్లేడులోంచి చెక్కని వెనక్కి లాగడం చెయ్యనే కూడదు.

మామూలుగా ఇంటికి కొనే 10 అంగుళాల మిషన్ 1,800 నుంచి 2,000 వాట్లు ఉంటుంది, అంటే 230 వోల్టుల మీద 8, 9 ఆంపియర్లు లాగుతుంది, స్టార్ట్ అయ్యేటప్పుడు ఇంకా చాలా ఎక్కువ. కాబట్టి ఫ్యాను లైటు ప్లగ్ పాయింట్లో పెట్టొద్దు, 16 ఆంపియర్ల పెద్ద సాకెట్ కావాలి, దానికి ఎర్త్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి, చాలా ఇళ్ళల్లో మూడో బొక్క ఉంటుంది గానీ దాని వెనక వైరు ఉండదు. ఎక్స్‌టెన్షన్ తప్పదనుకుంటే 2.5 స్క్వేర్ ఎంఎం వైరుతో చేయించుకోండి, చుట్ట మొత్తం విప్పేసి వాడండి, చుట్టగా ఉంచితే వేడెక్కి కరుగుతుంది. సన్నటి వైరుతో పెద్ద నష్టం ఇంకోటి ఉంది, వోల్టేజ్ పడిపోయి మోటార్ బలం తగ్గుతుంది, గట్టి టేకు మధ్యలో బ్లేడు ఇరుక్కుని ఆగుతుంది, మళ్ళీ అక్కడి నుంచి తన్నుడు మొదలు.

మన దగ్గర కరెంటు పోవడం చెప్పాపెట్టకుండా జరిగే వ్యవహారం కాబట్టి స్విచ్ సంగతి గట్టిగా చెప్తున్నా. కోస్తుండగా కరెంటు పోయింది, మీరు స్విచ్ ఆపడం మర్చిపోయి చెక్క తీయడానికి బ్లేడు దగ్గర చెయ్యి పెట్టారు, అదే క్షణాన కరెంటు వచ్చింది అనుకోండి. మంచి మిషన్లలో నో వోల్ట్ రిలీజ్ స్విచ్ ఉంటుంది, కరెంటు వచ్చినా మళ్ళీ పచ్చ బటన్ నొక్కితేగానీ తిరగదు. మీ దాంట్లో ఉందో లేదో ఈరోజే చూడండి, ఖాళీ బ్లేడు తిప్పి గోడ స్విచ్ ఆపి, బ్లేడు పూర్తిగా నిలిచాక మళ్ళీ వేయండి, దానంతటది తిరిగిందంటే అది లేనట్టు. అలాంటి స్విచ్ విడిగా కూడా దొరుకుతుంది, మోటార్ ఆంపియర్లకి సరిపోయేది తెచ్చి ఎలక్ట్రీషియన్‌తో మోకాలికి అందే ఎత్తులో పెట్టించుకోండి, రెండు చేతులూ చెక్క మీద ఉన్నప్పుడు మోకాలితో తట్టి ఆపగలగాలి.

బ్లేడు

పళ్ళ లెక్క చాలామంది పట్టించుకోరు. చెక్కని నార వెంట పొడవుగా చీల్చడానికి 24 పళ్ళది, నారకి అడ్డంగా కోయడానికీ ప్లైవుడ్‌కీ 60 పళ్ళది, సన్మైకా అతికించిన పలకలకి 80 అయినా పర్లేదు, ఒకటే బ్లేడుతో సరిపెట్టుకోవాలంటే 40 పళ్ళది. 80 పళ్ళ బ్లేడుతో రెండంగుళాల టేకు చీలిస్తే పొట్టు బయటికి పోయే సందు లేక చెక్క నల్లగా కాలుతుంది, పొగ వస్తుంది, మీరు గట్టిగా తోయడం మొదలెడతారు, గట్టిగా తోసే చెయ్యి ఎప్పుడూ ప్రమాదమే. చెక్క కాలుతోందంటే బ్లేడు మొద్దుబారింది, లేదా పళ్ళు ఎక్కువ, లేదా ఫెన్స్ వంకరగా ఉంది, ఈ మూడిట్లో ఏదో ఒకటి అని అర్థం, బలం సరిపోలేదని కాదు.

బ్లేడు మధ్య రంధ్రం కూడా చూసి కొనండి. ఇక్కడ అమ్మే మిషన్లకి 25.4 మి.మీ. గానీ 30 మి.మీ. గానీ ఉంటుంది, అమెరికాలో 10 అంగుళాల బ్లేళ్ళకి 5/8 అంగుళం, అంటే దాదాపు 15.9 మి.మీ., కాబట్టి అక్కడున్న చుట్టాలతో మంచి బ్లేడు తెప్పించుకుందాం అనుకునేవాళ్ళు ముందు స్కేలు పెట్టి కొలవండి. రంధ్రం పెద్దదైతే కంపెనీ రింగు వేసుకోవచ్చు, చిన్నదాన్ని డ్రిల్లు పెట్టి పెద్దది చేయడం మాత్రం వద్దు, కేంద్రం వెంట్రుక వాసి తప్పినా బ్లేడు ఊగుతుంది. బ్లేడు మీద నిమిషానికి ఎన్నిసార్లు తిరగొచ్చో చెప్పే గరిష్ఠ ఆర్‌పీఎం రాసి ఉంటుంది, అది మిషన్ ఆర్‌పీఎం కంటే ఎక్కువ ఉండాలి.

బిగించేటప్పుడు ప్లగ్ పీకేయండి, స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ కంటికి కనపడేలా బల్ల మీద పెట్టుకోండి. పైన ఉన్న పళ్ళ మొనలు మీ వైపు చూడాలి. నట్టు విప్పాలంటే బ్లేడు తిరిగే దిశలోకే, అంటే స్పానర్ పైభాగం మీ వైపుకి లాగాలి, బిగించాలంటే దానికి ఎదురు. బిగించాక చేత్తో రెండు మూడు సార్లు తిప్పి చూడండి, ఎక్కడా తగలకూడదు.

సెట్టింగ్, ఇక్కడ తొందరపడొద్దు

కొత్త మిషన్ కదా ఫ్యాక్టరీలోనే సెట్ చేసి ఉంటారు అనుకోవద్దు, లారీలో వచ్చిన కుదుపులకి కొంచెమైనా కదులుతుంది. ప్లగ్ పీకేసి బ్లేడు పూర్తిగా పైకెత్తండి. ముందువైపు ఒక పన్నుకి మార్కర్‌తో గుర్తు పెట్టండి. బల్ల మీద పొడవుగా ఉండే మైటర్ గాడికి కాంబినేషన్ స్క్వేర్ (స్కేలు జరిపి బిగించుకునే మూలమట్టం) ఆనించి దాని స్కేలు ఆ పంటికి సరిగ్గా తగిలేలా జరిపి బిగించండి. ఇప్పుడు బ్లేడుని చేత్తో తిప్పి అదే పంటిని వెనక్కి తీసుకెళ్ళి, స్క్వేర్‌ని కూడా వెనక్కి జరిపి చూడండి. ముందు ఎలా తగిలిందో వెనక కూడా అంతే తగలాలి, గీసుకునే చప్పుడు కూడా ఒకేలా రావాలి. ఒకే పన్ను ఎందుకంటే బ్లేడు రేకు కొంచెం వంకర ఉన్నా ఆ వంకర కొలతలోకి రాదు. కొంచెం తేడా వస్తే బల్ల కింద మోటార్‌ని పట్టుకున్న బోల్టులు వదులు చేసి, చెక్క ముక్క పెట్టి మెల్లగా తట్టి సరిచేసి మళ్ళీ బిగించాలి, బిగించేటప్పుడు మళ్ళీ జరుగుతుంది కాబట్టి ఇంకోసారి కొలవాలి. 0.1 మి.మీ. లోపు తేడా ఉంటే చాలు.

తర్వాత ఫెన్స్. ఫెన్స్‌ని మైటర్ గాడి అంచుకి తెచ్చి లాక్ చేసి ముందూ వెనకా వేలితో తడిమి చూస్తే తెలిసిపోతుంది. గాడికి సమాంతరంగా ఉండాలి, లేదా వెనక భాగం బ్లేడు నుంచి కాగితం మందమంత దూరం జరిగి ఉన్నా పర్లేదు, కానీ వెనక భాగం బ్లేడు వైపుకి వాలకూడదు, అలా వాలితే చెక్క వెళ్ళేకొద్దీ ఇరుకై వెనక పళ్ళకి ఒత్తుకుంటుంది, తన్నమని పిలిచినట్టే.

90 డిగ్రీలు చూడటానికి ఖరీదైన డిజిటల్ మీటర్లేం అక్కర్లేదు. రెండు అంచులూ సమానంగా ఉన్న ఒక పట్టీ తీసుకుని మైటర్ గేజ్ తో, అంటే మైటర్ గాడిలో జరుగుతూ చెక్కని అడ్డంగా తోసే పరికరంతో, మధ్యకి కోయండి, ఒక ముక్కని బోర్లా తిప్పి, ఫెన్స్ అంచుకి ఆనించి, రెండు కోతలు ఎదురెదురుగా కలపండి. సందు కనపడకపోతే గేజ్ సరిగ్గా ఉంది. కనపడితే, ఆ సందు మీ తప్పుకి రెండింతలు, కాబట్టి సగమే సరిచేయాలి. బ్లేడు నిటారుగా ఉందో లేదో కూడా ఇలాగే, ఈసారి మందపాటి చెక్కని నిలువుగా నిలబెట్టి కోసి, ఒక ముక్కని తలకిందులు చేసి కలిపి చూడాలి. మేస్త్రీలు మూలమట్టాన్ని కూడా ఈ ఉపాయంతోనే పరీక్షిస్తారు, గీత గీసి మట్టం తిప్పి మళ్ళీ గీస్తారు.

కట్టర్ మిషన్ తిరగేసి బల్లకి బిగించేవాళ్ళకి

దీని గురించి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే మన ఊళ్ళల్లో టేబుల్ సా అంటే ఎక్కువగా ఇదే. చేతి కట్టర్‌ని తలకిందులుగా ప్లైవుడ్ బల్లకి స్క్రూలు కొట్టి, ట్రిగ్గర్‌ని ట్యాగుతోనో గుడ్డ పీలికతోనో కట్టేసి వాడేస్తారు. డబ్బుల ఇబ్బంది నాకు తెలుసు, ఆ బల్లల మీదే తలుపులు కిటికీలు చేసి పిల్లల్ని చదివించినవాళ్ళున్నారు, వాళ్ళ పనితనం మీద నాకు గౌరవం ఉంది, అందుకే ఈ మాట. ట్రిగ్గర్ కట్టేస్తే మిషన్‌ని ఆపే దారి గోడ దగ్గర మాత్రమే మిగులుతుంది, బల్ల ముందు భాగానికి నో వోల్ట్ రిలీజ్ స్విచ్ పెట్టించండి, మిషన్ ధరతో పోలిస్తే అదేం పెద్ద ఖర్చు కాదు. బ్లేడు వెనక గాటులో నిలబడేలా, బ్లేడు రేకు కన్నా కొంచెం మందంగా ఉండే ఇనప రేకుని లేత్ షాపులో కోయించి బల్లకి గట్టిగా బిగించండి. 

4 అంగుళాల మార్బుల్ కట్టర్లు నిమిషానికి 12,000, 13,000 సార్లు తిరుగుతాయి, చెక్క కోసే బ్లేళ్ళు చాలా వాటికి అంత వేగం పనికిరాదు, రాసిన నంబర్ చూడకుండా వేయకండి. ఇక యాంగిల్ గ్రైండర్‌కి గార్డు తీసేసి పళ్ళ బ్లేడు వేసి కోసే పని ఉంది చూశారా, అది ఎంత అనుభవం ఉన్నవాళ్ళైనా చేయకూడని పని, దానికి సేఫ్ పద్ధతి అంటూ లేదు. బెల్టు మీద నడిచే పాత ఇనప బెంచీలు వాడేవాళ్ళు కనీసం బెల్టు మీద రేకు మూత వేయించండి, లుంగీ అంచు ఆ బెల్టులోకి వెళ్ళడానికి ఎంతోసేపు పట్టదు.

ఒంటి మీద ఏముండాలి, ఏముండకూడదు

లుంగీ వద్దు, భుజం మీద తువ్వాలు వద్దు, మణికట్టుకి కట్టిన దారాలు, కడియం, ఉంగరం, వాచీ తీసేయండి. మాల వేసుకున్న స్వాములు మాల తీయలేరు కాబట్టి దాన్ని చొక్కా లోపలికి వేసి గుండీలు పైదాకా పెట్టుకోండి, కండువా పక్కన పెట్టండి. ఆడవాళ్ళు చున్నీ తీసేసి జడ ముడి పెట్టుకోవాలి. గ్లౌజులు అస్సలు వద్దు. పేడు గుచ్చుకుంటుందని గ్లౌజులు వేసుకుంటారు, పంటికి చర్మం తగిలితే గాయం అవుతుంది, గ్లౌజు దారం తగిలితే మొత్తం చెయ్యినే లోపలికి లాగుతుంది. బ్లేడు మార్చేటప్పుడు వేసుకోండి, తిరిగేటప్పుడు తీసేయండి.

కళ్ళద్దాలు పక్కలు కూడా మూసేవి ఉండాలి, చత్వారం అద్దాలు లెక్కలోకి రావు. చెవులకి మఫ్‌లు గానీ ప్లగ్‌లు గానీ పెట్టుకోండి, ఈ చప్పుడు రోజూ వింటే పోయిన వినికిడి తిరిగి రాదు. ముక్కుకి కర్చీఫ్ కట్టుకుంటే సన్నటి దుమ్ము ఆగదు, ఎన్95 మాస్కు కావాలి. ఐఏఆర్‌సీ, అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే కేన్సర్ పరిశోధన సంస్థ, చెక్క దుమ్ముని మనుషులకి కేన్సర్ తెస్తుందని తేలిన మొదటి గ్రూపులో పెట్టింది, ముఖ్యంగా ముక్కు లోపలి భాగాలకి వచ్చే కేన్సర్. టేకు పొట్టుకి కొందరికి ఒళ్ళంతా దురదలొస్తాయి, ఎండీఎఫ్ దుమ్ములో జిగురు కూడా ఉంటుంది. మిషన్ వెనక గొట్టానికి వ్యాక్యూమ్ తగిలించుకుంటే ఊపిరితిత్తులకీ మేలే, గీత కనపడటానికీ మేలే.

చెక్కని చదవడం

కోసే ముందు చెక్కని చేతిలోకి తీసుకుని నాలుగు వైపులా చూడండి. బల్లకి ఆనే వైపు చదునుగా ఉండాలి, ఫెన్స్‌కి ఆనే అంచు తిన్నగా ఉండాలి. ఈ రెండూ లేని చెక్కని ముందు చిత్రిక పట్టుకోవాలి, లేదంటే అది సగంలో ఊగుతుంది. అంచు వంకరగా ఉంటే తిన్నటి ప్లైవుడ్ పట్టీకి స్క్రూలతో బిగించి, ఆ పట్టీని ఫెన్స్‌కి ఆనించి కోయొచ్చు, స్క్రూలు మాత్రం బ్లేడు దారికి దూరంగా ఉండాలి. పచ్చి తుమ్మ, పచ్చి వేప లాంటివి కోస్తుంటేనే గాటు మూసుకుపోతుంది, నైఫ్ లేని మిషన్ మీద వాటి జోలికే పోవద్దు, సామిల్లులో కోయించి ఆరబెట్టుకోవడం నయం. ముడులున్న చోట మెల్లగా వెళ్ళండి, వదులుగా ఉన్న ముడి ఊడి ఎగురుతుంది.

పాత ఇళ్ళు కూల్చినప్పుడు వచ్చే టేకు దూలాలు, ద్వారబంధాలు కొనేవాళ్ళు చాలామంది, ఆ చెక్క బంగారమే, కానీ అందులో తల తెగి లోపలికి దిగిపోయిన మేకులుంటాయి, రంగు కింద అస్సలు కనపడవు. బలమైన అయస్కాంతాన్ని దారానికి కట్టి చెక్క మీద నెమ్మదిగా జరపండి, మేకు ఉన్న చోట అది అటు లాగుతుంది. ఆ తర్వాత కూడా రంగు గీకి చుట్టూ నల్లటి మరక ఉందేమో చూడండి, ఇనుము తగిలిన టేకు నల్లబడుతుంది. మేకుకి తగిలితే బ్లేడుకి అతికించిన కార్బైడ్ (చాలా గట్టి లోహపు ముక్క) పన్ను విరిగి బుల్లెట్‌లా వస్తుంది.

పొడవుగా చీల్చడం

ఫెన్స్ కుడి వైపు ఉందనుకుందాం. బ్లేడు ఎత్తు, పళ్ళ మధ్య సందు చెక్క పైకి కనపడేంత చాలు, అంటే చెక్క మీద 3 నుంచి 6 మి.మీ. బ్లేడుకి ఎదురుగా నిలబడొద్దు, కొంచెం ఎడమకి జరగండి, చెక్క ఎగిరినా మీ పక్కనుంచి పోవాలి. మీ వెనకాల ఎవరూ నిలబడకుండా చూసుకోండి, పిల్లలైతే గదిలోనే ఉండకూడదు. మోటార్ పూర్తి వేగం అందుకున్నాకే చెక్క తగిలించండి.

ఎడమ చెయ్యి పని చెక్కని ఫెన్స్‌కి ఒత్తి పట్టుకోవడం, అది బ్లేడుకి జానెడు ముందే ఆగిపోవాలి, చెక్కతో పాటు ప్రయాణం చేయకూడదు. కుడి చెయ్యి తోస్తుంది. మీ చూపు బ్లేడు మీద కాదు, చెక్క ఫెన్స్‌కి ఆనుతోందా లేదా అన్న దాని మీద ఉండాలి, కొత్తవాళ్ళు బ్లేడు వంకే చూస్తూ ఉంటారు, ఈలోపు చెక్క ఫెన్స్ వదిలేస్తుంది. బ్లేడుకీ ఫెన్స్‌కీ మధ్య 150 మి.మీ. కంటే తక్కువ ఉంటే చెయ్యి వద్దు, తోపుడు కర్ర వాడాలి. అది కొనక్కర్లేదు, 12 మి.మీ. ప్లైవుడ్ ముక్కని పాత చేతిరంపం పిడి ఆకారంలో కోసి, కింద వెనకాల ఒక చిన్న మడమ వదిలేస్తే అదే. పొడవుగా బల్లపరుపుగా ఉంటే చెక్కని తోయడమే కాదు కిందకి అదిమి కూడా పెడుతుంది, సన్నటి కర్రకి గాడి కోసి వాడే రకం కంటే ఇది చాలా మేలు. నాలుగైదు ఒకేసారి చేసి పెట్టుకోండి, తెగితే తెగుతుంది, పోయేది ప్లైవుడ్ ముక్కే. దాన్ని ఫెన్స్ మీదే ఉంచండి, కోత మధ్యలో ఎక్కడుందా అని వెతక్కూడదు.

ఫెన్స్‌కీ బ్లేడుకీ మధ్య ఉన్న ముక్క బ్లేడు పూర్తిగా దాటేవరకు తోస్తూనే ఉండాలి, అయిపోయింది కదా అని పళ్ళ పక్కన వదిలేస్తే అదే వెనక్కి వస్తుంది. ఎడమ పక్కన తెగి పడిన ముక్కని ముట్టుకోవద్దు. స్విచ్ ఆపండి, బ్లేడు నిజంగా నిలిచిపోయేదాకా ఆగండి, అప్పుడు తీయండి.

షాపుల్లో హెల్పర్ కుర్రాడిని వెనకాల నిలబెట్టి పలకని లాగమంటారు. ఆ కుర్రాడి చేతులు వెనక పళ్ళ వైపు ఉంటాయి, వాడు కొంచెం పక్కకి లాగితే పలక ఫెన్స్ వదిలేస్తుంది. వెనక మనిషి చేయాల్సింది అరచేతులు కింద పెట్టి బరువు మోయడం ఒక్కటే, లాగకూడదు, తిప్పకూడదు, దారి చూపించేది ముందున్న మనిషే. ఈ మాట పని మొదలెట్టే ముందే వాడికి చెప్పండి, మిషన్ తిరిగేటప్పుడు అరిస్తే వినపడదు. అసలు ఆ ఎత్తులోనే ఒక బల్ల వెనకాల పెట్టేస్తే మనిషే అక్కర్లేదు.

బీడింగ్ లాంటి సన్న పట్టీలు కోసేటప్పుడు ఆ సన్న పట్టీ ఫెన్స్ వైపు రాకుండా బ్లేడు ఎడమ వైపు పడేలా ప్లాన్ చేసుకోండి. ఫెన్స్‌కీ బ్లేడుకీ మధ్య ఇరుక్కున్న 5 మి.మీ. పట్టీ బాణంలా వెనక్కి దూసుకొస్తుంది. ఎడమ మైటర్ గాడిలో, బ్లేడుకి కొంచెం ముందు, ఒక ఆపు ముక్క బిగించి, ప్రతి కోతకీ ఫెన్స్ జరుపుకుంటూ చెక్కని ఆ ఆపుకి ఆనిస్తే అన్ని పట్టీలూ ఒకే మందం వస్తాయి, పెద్ద ముక్క మీ చేతిలోనే ఉంటుంది. బల్ల మధ్య రేకులో బ్లేడు పక్కన సందు వెడల్పుగా ఉంటే ఈ పట్టీలు అందులోకి జారి ఇరుక్కుంటాయి, అదే కొలతకి ప్లైవుడ్ మూత చేసి, గట్టిగా బిగించి, తిరిగే బ్లేడుని కింద నుంచి మెల్లగా పైకెత్తి దానికి సరిపడా సందు మాత్రమే కోసుకోండి.

అడ్డంగా కోయడం

ఇక్కడ ఫెన్స్ పని లేదు, మైటర్ గేజ్ గానీ, మైటర్ గాడుల్లో జరిగే పలక లాంటి స్లెడ్ గానీ వాడాలి. పొట్టి ముక్కని ఫెన్స్‌కి ఆనించి అడ్డంగా కోస్తే అది తిరిగిపోతుంది, చాలామందికి దెబ్బ తగిలేది ఇలాగే. గేజ్, ఫెన్స్ రెండూ కలిపి వాడటం కూడా తప్పే, తెగిన ముక్క రెండిటి మధ్య ఇరుక్కుంటుంది. ఒకే కొలత ముక్కలు చాలా కావాలంటే ఫెన్స్ ముందు భాగానికి, బ్లేడుకి చాలా ముందు, ఒక చెక్క దిమ్మ బిగించండి, కొలత దాని దగ్గరే తీసుకుని తోస్తే బ్లేడు దగ్గరకొచ్చేసరికి ముక్కకీ ఫెన్స్‌కీ మధ్య ఆ దిమ్మంత ఖాళీ ఉంటుంది.

8 అడుగులు 4 అడుగుల 18 మి.మీ. ప్లైవుడ్ షీటు 30 కిలోల పైనే ఉంటుంది, దాన్ని చిన్న మిషన్ మీదకి ఒక్కరే ఎక్కించి కోయడం కుదరని పని, బల్లే ఒరిగిపోతుంది. నేల మీద థర్మోకోల్ షీటు వేసి, దాని మీద ప్లైవుడ్ పెట్టి, తిన్నటి పట్టీ బిగించి చేతి సర్క్యులర్ రంపంతో ముందు పెద్ద ముక్కలు చేసుకోండి, కొలతకి అటూ ఇటూ 10 మి.మీ. వదిలి. ఫైనల్ కొలత టేబుల్ సా మీద.

చేత్తో ఊరికే, ఫెన్స్ గానీ గేజ్ గానీ లేకుండా, గీత చూసి కోయడం మాత్రం ఎంత చిన్న ముక్కకైనా వద్దు. గుండ్రటి కర్రలు, దుంగలు కూడా ఈ మిషన్ పని కాదు.

శుభ్రం చేయడం

టేకు, వేప, ప్లైవుడ్ జిగురు పళ్ళ పక్కన నల్లగా అట్టకట్టేస్తాయి, అప్పుడు పదునున్న బ్లేడు కూడా మొద్దుగా కోస్తుంది. బ్లేడు తీసి గోరువెచ్చటి సబ్బు నీళ్ళల్లో కాసేపు ఉంచి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది పూర్తిగా తుడిచి ఆరబెట్టండి. బల్ల మీద మైనం రుద్దితే చెక్క సులువుగా జారుతుంది, సిలికాన్ ఉన్నవి వద్దు, తర్వాత పాలిష్ పట్టదు. మన దగ్గర దసరాకి ఆయుధపూజ అప్పుడు మిషన్లన్నీ కడిగి బొట్టు పెట్టి ఆ రోజుకి పని ఆపేస్తాం కదా, ఆ రోజు పూజ అయ్యాక పైన చెప్పిన కొలతలన్నీ ఒకసారి తిరిగి చూసుకోవడం మంచి అలవాటు, రోజూ పని ఉండే షాపులైతే నెలకోసారి.

అమెరికాలో గరాజుల్లో పని చేసుకునే మనవాళ్ళకి ఒక మాట, అక్కడ సాస్టాప్ మిషన్లు దొరుకుతాయి, 1999లో స్టీవ్ గాస్ కనిపెట్టిన పద్ధతి అది, చర్మం తగిలితే 5 మిల్లీసెకన్లలో అల్యూమినియం బ్రేకు బ్లేడుకి గుచ్చుకుని ఆపేస్తుంది. కొనగలిగితే కొనండి. కానీ అది వేలిని కాపాడుతుంది గానీ చెక్క తన్నడాన్ని ఆపలేదు, రైవింగ్ నైఫ్ దానికీ కావాల్సిందే. తడి చెక్కకి కూడా బ్రేకు పడిపోతుంది, బ్లేడూ బ్రేకూ రెండూ మార్చాలి.

దెబ్బ తగిలితే

వర్క్‌షాప్ గోడ మీద 108 అని పెద్దగా రాసి పెట్టండి, పక్కనే దగ్గర్లో ప్లాస్టిక్ సర్జన్ ఉన్న ఆసుపత్రి నంబర్ కూడా, ఆ వివరం ఇప్పుడే కనుక్కుని ఉంచుకోండి. రక్తం ఆగడానికి శుభ్రమైన గుడ్డ మడిచి గాయం మీద గట్టిగా ఒత్తి పట్టుకోవాలి, చెయ్యి గుండె కంటే పైకెత్తి ఉంచాలి. పసుపు, కాఫీపొడి, సున్నం లాంటివి ఏవీ వేయకండి, తర్వాత డాక్టర్లకి అవి కడగడమే పెద్ద పని అవుతుంది. వేలు తెగిపోతే ఆ ముక్కని వెతికి తీసుకోండి, మురికి ఉంటే మంచి నీళ్ళతో మెల్లగా కడిగి, తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి గట్టిగా కట్టి, ఆ కవర్‌ని ఐసు నీళ్ళల్లో పెట్టండి. నేరుగా ఐసు మీద పెడితే కండ గడ్డకట్టి పాడవుతుంది, మళ్ళీ అతికించడానికి పనికిరాదు. దెబ్బ తగిలిన మనిషికి తినడానికి తాగడానికి ఏమీ ఇవ్వొద్దు, ఆపరేషన్‌కి మత్తు ఇవ్వాల్సి రావచ్చు. ఒంటరిగా పని చేసేవాళ్ళు ఫోన్ బల్ల మీద కాదు, జేబులో పెట్టుకోండి, మిషన్ వేసే ముందు ఇంట్లో ఎవరికో ఒకరికి చెప్పి వేయండి.